సముద్రగర్భ యాత్రికుడు – కూస్తో

పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూర్ పేరు వినగానే ఆ పరిసరాల వారికి మొదట జ్ఞప్తికి వచ్చేది ఆదివరాహస్వామి. గోదావరిఖని, రామగుండం, మంథని ప్రాంతాల నుండి భక్తులు ఈ స్వామి దర్శనానికి వస్తూ ఉంటారు. వారిలో సింగరేణి గనులలో పనిచేసే కార్మిక కుటుంబాలవారు అనేకులు. హిరణ్యాక్షుడు భూమిని సముద్రంలో దాచినప్పుడు విష్ణువు వరాహరూపం ధరించి నీటి అడుగుకు దిగి, భూదేవిని కోరపై నిలిపి పైకి తెచ్చాడని పురాణాలు చెబుతున్నాయి. భారతంలో దుర్యోధనుడు యుద్ధాంతంలో జలస్తంభన విద్యను ఆశ్రయించి ద్వైపాయన హ్రదంలో దాగి ఉన్నాడు. నీటి అడుగుకు దిగి, అక్కడ నిలిచి, తిరిగి క్షేమంగా పైకి రావాలనే ఊహ మన వాఙ్మయానికి కొత్త కాదు. అయితే దేవునికి అవతారం ఉన్నది, రారాజుకు విద్య ఉన్నది. సామాన్య మానవునికి మాత్రం ఊపిరి అడ్డు నిలిచింది. ఎంతటి ఈతగాడైనా కొద్ది నిమిషాలకు మించి నీటిలో ఉండలేకపోయేవాడు.

ఆ అడ్డును తొలగించి, సామాన్యులకు సైతం సముద్రగర్భంలో సంచరించే భాగ్యాన్ని కలిగించినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన జాక్ ఈవ్ కూస్తో. ఆయన జీవితకథలో బొగ్గుగనుల ప్రాంతంవారు ప్రత్యేకంగా గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. ఆయన వీపున మోసిన శ్వాసయంత్రానికి మూలం సముద్రంలో లేదు, బొగ్గుగనిలో ఉన్నది.

ముందుగా ఆ యంత్రపు అవసరాన్ని తెలుసుకోవాలి. నోటితో కరచి పట్టుకొని, పై కొనను నీటి మట్టానికి పైన ఉంచి గాలి పీల్చుకొనే వంకర గొట్టాన్ని స్నార్కెల్ అంటారు. ముఖానికి అద్దపు కవచం, నోటిలో ఈ గొట్టం ఉంటే నీటిపై బోర్లా తేలుతూ అడుగున ఉన్న వింతలను చూడవచ్చు. అయితే గొట్టాన్ని పొడవు చేసుకొని ఎంత లోతుకైనా పోవచ్చునని అనుకోవడం పొరపాటు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఒక మీటరు లోతులోనే నీటి బరువు రొమ్మును అదిమి, పైనుండి గాలి పీల్చుకోవడాన్ని అతికష్టం చేస్తుంది. కాబట్టి లోతుకు పోయేవానికి అక్కడి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో, అడిగినప్పుడల్లా అడిగినంత గాలిని అందించే సాధనం కావాలి.

19వ శతాబ్దంలో ఫ్రాన్సు దక్షిణ భాగాన ఉన్న అవెరోన్ బొగ్గుగనుల ప్రాంతంలో బెన్వా రూకెరోల్ అనే గనుల ఇంజనీరు ఉండేవాడు. అగ్నిప్రమాదమో, విస్ఫోటమో జరిగి విషవాయువులు నిండిన గనిలోకి రక్షకులు దిగవలసి వచ్చినప్పుడు వారికి ఊపిరి ఎట్లా అందించాలన్నది ఆయన సమస్య. కార్మికుడు పీల్చినప్పుడు మాత్రమే తెరుచుకొని, విడిచినప్పుడు మూసుకొనే కవాటాన్ని రూపొందించి 1860లో పేటెంటు పొందాడు. తరువాత 1864లో నౌకాదళాధికారి ఒగుస్త్ దెనేరూజ్‌తో కలిసి ఆ యంత్రాన్ని నీటిలో వాడుకొనేటట్లు మార్చాడు. 1870లో వెలువడిన జూల్ వెర్న్ సముద్రగర్భ నవలలో పాత్రలు ధరించే యంత్రానికి ఇదే మాతృక. ఆనాటి ఇనుప పాత్రలు అధిక ఒత్తిడిని తట్టుకోలేనివి కావడం వల్ల అందులో గాలి ఎక్కువసేపు చాలేది కాదు. పైనుండి గొట్టం ద్వారా గాలి పంపవలసి వచ్చేది. క్రమంగా అది మూలపడింది. దాని సూత్రం తిరిగి వెలుగు చూడటానికి ఎనిమిది దశాబ్దాలు పట్టింది.

కూస్తో 1910 జూన్ 11న ఫ్రాన్సు నైరుతి భాగంలోని సెంతాంద్రె ద క్యుబ్జాక్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. అది సముద్రతీరం కాదు, ద్రాక్షతోటల సీమ. తండ్రి దానియేల్ న్యాయశాస్త్రం చదివినవాడు. సంపన్నులైన అమెరికన్ల వద్ద కార్యదర్శిగా ఉంటూ వారితో దేశాలు తిరిగేవాడు. బాల్యంలో కూస్తో రోగిష్ఠి. శ్రమ కలిగించే ఆటలు వద్దని వైద్యులు చెప్పారట. పది సంవత్సరాల వయస్సులో కుటుంబంతో అమెరికా వెళ్లినప్పుడు వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక సరస్సు దగ్గర పిల్లల వేసవి శిబిరంలో చేరాడు. పిల్లలు దూకే చోట నీటి అడుగున విరిగిపడిన కొమ్మలను తీసివేయమని అక్కడి ఉపాధ్యాయుడు ఆ బాలుని నియమించాడు. కళ్లద్దాలు లేవు, గొట్టం లేదు. మసకనీటిలో ఊపిరి బిగబట్టి మునగడం, తడుముకొని కొమ్మ పట్టుకోవడం, పైకి రావడం ఇదే పని. శిక్షగా ఇచ్చిన పని శిక్షణగా పరిణమించింది.

చదువులో ఆ బాలుడు ఆదర్శప్రాయుడు కాడు. పాఠశాల కిటికీ అద్దాలు పగులగొట్టి బహిష్కృతుడైనాడు. కఠిన క్రమశిక్షణ గల వసతి పాఠశాలలో చేర్చిన తరువాతనే దారిలో పడ్డాడు. కాని యంత్రమంటే మక్కువ చిన్ననాటిదే. 13వ ఏట దాచుకొన్న సొమ్ముతో ఒక చలనచిత్ర కెమెరా కొని, మొదట దానిని విడదీసి మళ్లీ బిగించి, ఆ తరువాతనే చిత్రాలు తీశాడు. ఈ రెండు అలవాట్లు, అంటే నీటిలో ఊపిరి బిగబట్టడమూ కెమెరా పట్టుకోవడమూ, ఆయన జీవితానికి రెండు కళ్లయినాయి.

1930లో బ్రెస్ట్ నగరంలోని నౌకాదళ విద్యాలయంలో ప్రవేశించి, 1933లో అధికారిగా పట్టా పుచ్చుకొన్నాడు. ఆయన కోరిక సముద్రం కాదు, ఆకాశం. నౌకాదళ వైమానికుడు కావాలని శిక్షణ పొందుతున్న రోజులలో ఒక రాత్రి కారు ప్రమాదంలో రెండు చేతులూ విరిగాయి. పట్టుదలతో వ్యాయామం చేసి చేతులను దక్కించుకొన్నాడు గాని విమానం నడిపే యోగం తప్పిపోయింది. తూలోన్ నౌకాస్థావరానికి బదిలీ అయిన తరువాత చేతులకు బలం రావడానికి రోజూ సముద్రంలో ఈదేవాడు. 1936లో ఫిలిప్ తాయే అనే సహాధికారి ఆయనకు ఈత కళ్లద్దాలు ఇచ్చాడు. వాటిని పెట్టుకొని తల నీటిలో ముంచిన కూస్తోకు అడుగున ఆకుపచ్చని నాచు, రాళ్ల సందులలో తిరుగాడే చేపలు స్పష్టంగా కనిపించాయి. తల పైకెత్తితే ఒడ్డున ట్రాము బండి, విద్యుత్ స్తంభాలు. రెండు లోకాల నడుమ ఉన్నది ఒక అద్దపు మందమే. ఆ క్షణంతో తన జీవితం మారిపోయిందని ఆయన తరువాత గ్రంథస్థం చేశాడు.

1937లో సిమోన్ మెల్కియోర్‌ను వివాహమాడాడు. నౌకాదళాధికారుల వంశంలో పుట్టిన ఆమెకు సముద్రమంటే భర్తకంటె ఎక్కువ ఆసక్తి అంటే అతిశయోక్తి కాదు. జాన్ మిషెల్, ఫిలిప్ అని వారికి ఇద్దరు కుమారులు. తాయేతో పాటు ఫ్రెడెరిక్ ద్యుమా అనే గజ ఈతగాడు కూడ కూస్తోకు మిత్రుడైనాడు. ముగ్గురూ కలిసి మునకలు వేస్తూ, చేపలను వేటాడుతూ లోతులను పరీక్షించేవారు. స్వచ్ఛమైన ప్రాణవాయువుతో నడిచే యంత్రాన్ని కూస్తో తానే చేయించుకొని దిగాడు. ప్రాణాన్ని నిలిపే వాయువే ఒత్తిడి పెరిగినప్పుడు ఏ లోతున విషమవుతుందో అప్పటికి స్పష్టంగా తెలియదు. రెండు సార్లు శరీరం కొంకర్లు పోయి స్పృహ తప్పేదాకా వచ్చింది. నడుముకు కట్టిన బరువును జారవిడవగలిగినందువల్ల బ్రతికి బయటపడ్డాడు.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చి ఫ్రాన్సు జర్మనీకి లోబడింది. ఆ యుద్ధం కూస్తో కుటుంబాన్ని కూడ చీల్చింది. పత్రికా రచయిత అయిన అన్న జర్మన్ల పక్షం వహించి, యుద్ధానంతరం మరణశిక్షకు గురై, ఆపై శిక్ష తగ్గింపు పొందాడు. తమ్ముడు శత్రువులకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి ప్రభుత్వ గౌరవాన్ని పొందాడు.

యుద్ధకాలంలో పెట్రోలు కరవైంది. వంటగ్యాసు వంటి వాయువుతో మోటారు కార్లు నడిపే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఇంజను పీల్చినంత మేరకే వాయువును వదిలే ఒక చిన్న కవాటాన్ని పారిసులో ఎమీల్ గాన్యన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. 1942 డిసెంబరులో కూస్తో ఆయనను కలిసి తన అవసరం చెప్పాడు. ఇంజను పీల్చడానికి, మనిషి పీల్చడానికి సూత్రం ఒక్కటే గదా! గనిలో పుట్టిన రూకెరోల్ ఆలోచనే కారు ఇంజను దాకా వెళ్లి ఈ విధంగా మళ్లీ మనిషి నోటికి వచ్చింది. కొద్ది వారాలలో నమూనా సిద్ధమైంది. మార్న్ నదిలో చేసిన తొలి పరీక్ష సగమే ఫలించింది. బోర్లా ఈదుతున్నప్పుడు చక్కగా పనిచేసిన యంత్రం, నిలువుగా ఉన్నప్పుడు గాలిని వృథాగా వదిలింది. తలక్రిందులైనప్పుడు గాలి అందడమే కష్టమైంది. గాలి వచ్చే చోటికీ విడిచిన గాలి పోయే చోటికీ ఎత్తులో తేడా ఉండటమే లోపమని ఇంటికి తిరిగి వెళ్లే దారిలోనే ఇద్దరూ గుర్తించారు. రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చారు. అంతటితో యంత్రం సిద్ధించింది. గాన్యన్ యుద్ధానంతరం కెనడాకు వెళ్లి స్థిరపడ్డాడు. లోకం కూస్తో పేరును గుర్తుంచుకొన్నంతగా ఆయన పేరును గుర్తుంచుకోలేదు. ఇది న్యాయం కాదు.

1943 జూన్‌లో మధ్యధరా తీరంలోని బాందోల్ అనే ఊరి దగ్గర, సందడి లేని ఒక చిన్న రేవులో కూస్తో ఆ యంత్రంతో మొదటిసారిగా సముద్రంలోకి దిగాడు. నోటిలో స్నార్కెల్ పెట్టుకొని సిమోన్ పైన తేలుతూ క్రిందికి చూస్తూ ఉన్నది. ఆమె సంకేతం చేస్తే దూకడానికి ఒడ్డున ద్యుమా సిద్ధంగా నిలిచాడు. వీపున సంపీడిత గాలి నింపిన సిలిండర్లు, కాళ్లకు రబ్బరు తెడ్లు. పైకి గొట్టం లేదు, త్రాడు లేదు. పల్టీలు కొట్టినా, తలక్రిందులుగా నిలిచినా ఊపిరి తప్పలేదు. రాతిగుహ కప్పుకు అంటిపెట్టుకొన్న పెద్ద సముద్రపు రొయ్యలు కనిపించగా, ఒక్కొక్కటే తీసి పైనున్న భార్యకు అందించాడు. తిండికి కటకటగా ఉన్న ఆ యుద్ధకాలంలో ఆనాటి వారి భోజనం విందు అయింది.

యుద్ధం ముగిసిన తరువాత ఫ్రెంచి నౌకాదళం తూలోన్‌లో సముద్రగర్భ పరిశోధన బృందాన్ని నెలకొల్పింది. తాయే, కూస్తో, ద్యుమాలు అందులో ముఖ్యులు. మోరిస్ ఫార్గ్ అనే నౌకాదళ సైనికుడు వారికి కుడిభుజం వంటివాడు. మునిగిన ఓడలను పరిశీలించడం, శత్రువులు అమర్చిన మందుపాతరలను తొలగించడం వారి విధులు. 1946 ఆగస్టులో ఈ బృందం వోక్లూజ్ అనే చోట ఉన్న సుప్రసిద్ధమైన నీటిబుగ్గ రహస్యాన్ని ఛేదించబూనింది. కొండపాదంలో ఉన్న ఆ బుగ్గ ప్రతి సంవత్సరం ఒక కాలంలో పొంగి నదిలా ప్రవహిస్తుంది. దాని అడుగు ఎక్కడ ఉన్నదో అప్పటికి ఎవరికీ తెలియదు.

కూస్తో, ద్యుమా ఒకే త్రాడుకు కట్టుకొని ఆ చీకటి సొరంగంలోకి దిగారు. త్రాడు కొన పట్టుకొని పైన ఫార్గ్ ఉన్నాడు. త్రాడును ఎన్ని సార్లు లాగితే ఏమి అర్థమో ముందే నిర్ణయించుకొన్నారు. దాదాపు 60 మీటర్ల లోతుకు చేరేసరికి ఇద్దరికీ బుద్ధి మందగించింది. ఏ పనికి వచ్చారో, తరువాత ఏమి చేయాలో తోచలేదు. ద్యుమా నోటినుండి గాలిగొట్టం జారిపోయింది. అతడు నీరు మింగి స్పృహ కోల్పోతున్నాడు. అతని బరువును మోస్తూనే కూస్తో త్రాడు పట్టుకొని పైకి ప్రాకనారంభించాడు. ఆ లాగుడును గమనించిన ఫార్గ్, వారు ఇంకా లోతుకు పోతూ త్రాడు అడుగుతున్నారని భావించి మరింత వదిలాడు. ప్రాకినకొద్దీ త్రాడు క్రిందికే వస్తున్నది! ఇన్‌క్లయిన్‌లో హాలేజీ గంట ఒకటి తప్పుగా వినబడితే ఏమవుతుందో గనులలో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. చివరకు ఫార్గ్‌కు ఏదో అనుమానం కలిగింది. సంకేతం రాకపోయినా తన బుద్ధిని నమ్ముకొని బలమంతా ఉపయోగించి త్రాడును పైకి లాగాడు. ఇద్దరూ బ్రతికారు. అదే రోజు తాయే మరొకనితో కలిసి దిగగా వారికీ అదే స్థితి కలిగింది.

కారణం సొరంగంలో లేదు, సిలిండర్లలోనే ఉన్నది. వాటిలోకి గాలి నింపిన యంత్రం తన ఇంజను వదిలిన పొగనే మళ్లీ పీల్చి గాలితో పాటు నింపింది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ వారిని మత్తులో ముంచింది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. బొగ్గుపొర తనంతట తాను వేడెక్కినప్పుడు, గనిలో నిప్పు రగిలినప్పుడు పుట్టేది ఇదే. గాలిలో అతిస్వల్పంగా ఉన్నా ప్రమాదకరమైన ఈ వాయువు, 60 మీటర్ల లోతులో ఏడు రెట్ల ఒత్తిడి క్రింద ఏడు రెట్ల బలంతో పనిచేస్తుంది. గనుల రక్షణకు పుట్టిన యంత్రాన్ని ధరించినవారిని గనులలోని శత్రువే నీటి అడుగున పట్టుకొన్నది.

మరుసటి సంవత్సరం, 1947లో, ఈ యంత్రంతో ఎంత లోతుకు పోవచ్చునో తేల్చుకోవడానికి బృందం పూనుకొన్నది. బరువు కట్టిన త్రాడుకు నియమిత దూరాలలో పలకలను కట్టి సముద్రంలో వదిలారు. దిగినవారు తాము చేరిన చివరి పలకపై సంతకం చేసి రావాలి. ఫార్గ్ దిగాడు. కొంతసేపు అంతా బాగున్నదనే సంకేతం అందింది. ఆపై నిశ్శబ్దం. పైకి లాగేసరికి అతని నోట గాలిగొట్టం లేదు. గంటల తరబడి ప్రయత్నించినా ప్రాణం తిరిగి రాలేదు. 120 మీటర్ల లోతున ఉన్న పలకపై అతని సంతకం కనిపించింది. లోతులో గాలిలోని నత్రజని మద్యం వలె మత్తు కలిగిస్తుందని వారికి తెలుసు. అది ఏ లోతున ప్రాణాంతకమవుతుందో తెలియజేసినది ఆ సంతకమే. తమ ఇద్దరినీ వోక్లూజ్ సొరంగం నుండి పైకి లాగిన చేతులతో చేసిన సంతకం అది. ఈనాడు వినోదానికై గాలి సిలిండరుతో దిగేవారిని సుమారు 40 మీటర్లకు మించి పోవద్దని శిక్షకులు శాసిస్తారు. ఆ నియమం వెనుక ఇటువంటి మరణాలు ఉన్నాయి.

సముద్రాన్ని శోధించాలంటే సొంత ఓడ కావాలని కూస్తో సంకల్పించాడు. 1942లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బ్రిటిష్ నౌకాదళానికి మందుపాతరలు తొలగించడానికై కట్టిన ఒక చెక్క ఓడ, యుద్ధానంతరం మాల్టా, గోజో దీవుల నడుమ ప్రయాణికులను దాటిస్తున్నది. 1950లో లోయెల్ గిన్నెస్ అనే సంపన్నుడు దానిని కొని, సంవత్సరానికి ఒక్క ఫ్రాంకు నామమాత్రపు అద్దెతో కూస్తోకు అప్పగించాడు. అదే కాలిప్సో. ముందుభాగాన నీటి మట్టం క్రింద గాజు కిటికీలు గల గదిని అమర్చి దానిని పరిశోధన నౌకగా మార్చారు. ఖర్చు నిమిత్తం సిమోన్ తన నగలు అమ్మింది. ఓడమీద ఆమెకు ఏ పదవీ లేదు. అయినా నలభై సంవత్సరాల పాటు భర్తకంటె ఎక్కువ రోజులు ఆమే దానిమీద గడిపింది. ఇంధనం సమకూర్చడం, జబ్బుపడిన వారికి సేవ చేయడం, అలిగినవారిని సముదాయించడం అన్నీ ఆమెవే. నావికులు ఆమెను గొర్రెల కాపరి అనే అర్థం గల ముద్దుపేరుతో పిలిచేవారు. కెమెరా ముందుకు రావడానికి మాత్రం ఆమె ఇష్టపడేది కాదు.

నగలు ఎంతకాలం వస్తాయి? 1954లో కూస్తో ఒక చమురు సంస్థ తరఫున అబూదాబీ సముద్రంలో పనిచేశాడు. ఆయన మనుషులు అడుగుకు దిగి రాతి నమూనాలు తెచ్చి ఇచ్చారు. కొన్ని సంవత్సరాల తరువాత ఆ ప్రాంతంలోనే చమురు బయటపడింది. బొగ్గుకోసం భూమిని తొలిచి చూచే పని ఎటువంటిదో సింగరేణి ప్రాంతంవారికి తెలుసు. ఇది సముద్రంలో అటువంటి పనే. ఆ విధంగా వచ్చిన ధనంతో కాలిప్సో ఎర్రసముద్రంలో, హిందూ మహాసముద్రంలో తిరిగింది. ఆ యాత్రలలో తీసిన నిశ్శబ్ద ప్రపంచం అనే చిత్రం 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతిని, మరుసటి సంవత్సరం ఆస్కారును పొందింది. లూయీ మాల్ అనే యువకుడు దానికి సహదర్శకుడు.

లక్షలాది ప్రేక్షకులు సముద్రపు అడుగును రంగులలో చూచింది ఆ చిత్రంలోనే. ముందు పంఖా, లోపల బ్యాటరీ ఉన్న చిన్న వాహనాన్ని రెండు చేతులతో పట్టుకొని, కాళ్లు కదల్చకుండానే పగడపు దిబ్బల మీదుగా ఈతగాళ్లు దూసుకుపోయే దృశ్యాలు అందులో ఉన్నాయి. దానినే నీటి అడుగు స్కూటర్ అన్నారు. నేడు లోకంలోని అనేక తీరాలలో విహారయాత్రికులు ఒక పడవను తమకోసమే మాట్లాడుకొని, స్నార్కెల్ ధరించి, అటువంటి స్కూటర్ పట్టుకొని ఒక పూటలో పగడపు దిబ్బలను చుట్టి వస్తున్నారు. మన విశాఖ తీరంలోనూ గాలి సిలిండర్లతో దిగి చూచే ఏర్పాట్లు వచ్చాయి. ఈ వినోదానికి ఊరూ పేరూ కల్పించిన చిత్రాలలో అది ముఖ్యమైనది.

కాని అదే చిత్రంలో ఈనాటి ప్రేక్షకుడు చూడలేని దృశ్యాలు కూడ ఉన్నాయి. ఒకచోట ఎన్ని రకాల చేపలున్నాయో లెక్కించడానికి పగడపు దిబ్బలో డైనమైటు పేల్చారు. తేలిన చేపలకంటె మునిగినవి ఎక్కువ. మరొకచోట తిమింగలాల గుంపును వెంబడించగా ఒక పిల్ల తిమింగలం ఓడ పంఖాకు తగిలి గాయపడింది. మన పూర్వులు తిమి అనీ, దానిని మింగేది తిమింగిలమనీ భయంతో వర్ణించిన ప్రాణి అది. దానిని బాధనుండి విముక్తం చేయడానికి కాల్చి చంపారు. నెత్తుటి వాసనకు సొరచేపలు మూగి దానిని చీలుస్తుండగా, నావికులు కోపం ఆపుకోలేక ఆ సొరలను ఓడమీదికి లాగి గొడ్డళ్లతో నరికారు. సొరలు చేసింది వాటి ఆహారధర్మం. పిల్లను గాయపరచింది మాత్రం ఓడ. ఈ వ్యత్యాసం ఆనాడు ఓడమీద ఉన్నవారికి గాని, చిత్రానికి బహుమతి ఇచ్చినవారికి గాని పట్టినట్లు లేదు. కాలం గడిచినకొద్దీ ఆ దృశ్యాల పట్ల నిరసన పెరిగింది. కూస్తో మారినాడు గాని చిత్రం మారలేదు. అది నేటికీ ఆయనమీద సాక్ష్యం చెబుతూనే ఉన్నది.

1957లో ఆయన నౌకాదళాన్ని విడిచి మొనాకోలోని సముద్రశాస్త్ర ప్రదర్శనశాలకు సంచాలకుడైనాడు. 1962లో మార్సెయ్ సమీపంలో 10 మీటర్ల లోతున ఒక ఉక్కు గదిలో ఇద్దరు మనుషులను వారం రోజులు నివసింపజేశాడు. 1963లో ఎర్రసముద్రంలో నెల రోజులు, 1965లో 100 మీటర్ల లోతున ఆరుగురు మూడు వారాలు నివసించారు. చమురు బావుల పనికి ఉపయోగపడుతుందని పరిశ్రమలు వీటికి ధనసహాయం చేశాయి. మానవుడు సముద్రంలో ఊళ్లు కట్టుకొంటాడనే ఆ కల మాత్రం అక్కడితో ఆగింది.

ఆయన దృష్టి మరలడానికి ఒక కారణం 1960లో జరిగిన సంఘటన. అణు కేంద్రాల వ్యర్థాలను మధ్యధరా సముద్రంలో పడవేయడానికి ఫ్రెంచి ప్రభుత్వ సంస్థ యత్నించగా కూస్తో బహిరంగంగా ఎదిరించాడు. తీరవాసులు ఆయనతో గొంతు కలిపారు. ఆ యత్నం విరమించుకోవలసి వచ్చింది. 1968 నుండి అమెరికా టెలివిజనులో ప్రసారమైన ఆయన సముద్ర చిత్రమాలిక ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకొన్న ఆ సన్నని మనిషిని ఇంటింటికీ పరిచయం చేసింది. యౌవనంలో తాను మునకలు వేసిన చోట్లకే తిరిగి వెళ్లి చూచినప్పుడు చేపలు తగ్గి, చెత్త పెరిగి కనిపించింది. వాటిని వేటాడినవారిలో తాను ఒకడు. అక్కడికి లోకాన్ని పిలిచినవాడు కూడ తానే. 1973లో సముద్ర సంరక్షణకై తన పేరుతో ఒక సంఘాన్ని స్థాపించాడు.

1979 జూన్ 28న ఆయనకు పుత్రశోకం సంభవించింది. చిన్నకుమారుడు ఫిలిప్ నీటిపై దిగగల విమానాన్ని నడుపుతూ పోర్చుగల్‌లో లిస్బన్ సమీపాన టాగస్ నదిలో ప్రమాదానికి గురై మరణించాడు. తండ్రికి చేజారిన వైమానిక యోగం ఈ కుమారునికి దక్కింది. యాత్రలలో తండ్రికి వారసుడు అతడేనని అందరూ భావించిన తరుణమది. కూస్తో కొంతకాలానికి తేరుకొని పనిలో పడ్డాడు. పెద్దకుమారుడు వచ్చి సహకరించాడు గాని, చివరి రోజులలో కుటుంబపు పేరు వాడకంపై తండ్రీకొడుకుల మధ్య వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. 1990 డిసెంబరులో సిమోన్ కన్నుమూసింది. ఆమె చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు. మరుసటి సంవత్సరం ఆయన మళ్లీ వివాహం చేసుకొన్నాడు.

ఆ సంవత్సరాలలోనే ఆయన చేసిన మరొక పని గనుల ప్రాంతానికి సంబంధించినది. దక్షిణ ధ్రువఖండమైన అంటార్కిటికాలో ఖనిజాల త్రవ్వకానికి దారితీసే ఒప్పందం 1988లో సిద్ధమైంది. కూస్తో దానిని వ్యతిరేకిస్తూ దేశదేశాల ప్రజలచేత లక్షల సంతకాలు చేయించి ప్రభుత్వాలకు పంపాడు. 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన మరొక ఒప్పందం అక్కడ గనులను నిషేధించింది. అంటార్కిటికాలో బొగ్గు ఉన్నది. గోదావరి లోయలోని బొగ్గు, అక్కడి బొగ్గు ఒకే యుగానికి చెందినవి. రెండు భూభాగాలూ గోండ్వానా అనే ఒకే మహాఖండంలో కలిసి ఉన్నప్పటి అడవుల అవశేషాలవి. గ్లాసాప్టెరిస్ అనే ప్రాచీన వృక్షపు ఆకుల ముద్రలు ఇక్కడి రాతిపొరలలోనూ అక్కడి రాతిపొరలలోనూ కనిపిస్తాయి. మనుషులు నివసించని ఖండంలో గని వద్దనడం సులభం. వేలాది ఇళ్లలో పొయ్యి వెలగడానికి గని ఆధారమైన సీమలో అటువంటి మాట అంత సులభంగా పలకరాదు. చమురు అన్వేషణతో తన ఓడను నడిపించిన కూస్తోకు ఈ చిక్కు తెలియనిది కాదు.

1996 జనవరిలో సింగపూర్ రేవులో నిలిచి ఉన్న కాలిప్సోను ఒక బల్లకట్టు ఢీకొనగా ఆ ఓడ మునిగిపోయింది. దానిని పైకి తీశారు గాని అది తిరిగి యాత్రకు పనికిరాలేదు. 86వ ఏట కూస్తో రెండవ కాలిప్సోకై విరాళాలు సేకరించసాగాడు. అది పూర్తికాకుండానే 1997 జూన్ 25న పారిసులో మరణించాడు. నోత్ర్‌దామ్ ప్రార్థనామందిరంలో అంత్యక్రియల ప్రార్థనలు జరిగాయి. భార్య భస్మం వలె ఆయన దేహం సముద్రాన్ని చేరలేదు. పుట్టిన ఊరికి తీసుకొనివెళ్లి, ద్రాక్షతోటల నడుమ, కుటుంబ సమాధిలో భూస్థాపితం చేశారు.